చెయ్యి ఇటు, షటిల్ అటు: ఇంట్లో మోషన్ కంట్రోల్ ఆటలు సరిగ్గా ఆడాలంటే

ఈ వేసవికి మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ దిగింది, కంట్రోలర్ పట్టుకుని చెయ్యి ఊపితే తెర మీది బొమ్మ కొట్టే రకం. నాలుగిళ్ల నుంచీ ఒకటే ఫిర్యాదు. "అన్నా, మేం బాగానే కొడుతున్నాం, అదే తీసుకోవట్లేదు." వెళ్లి చూస్తే తప్పు వాళ్ల చేతుల్లో లేదు. మూడిళ్లలో టీవీలో ఉంది, నాలుగో ఇంట్లో చేపల తొట్టిలో ఉంది.

అదేమిటో కింద వరసలో వస్తుంది. ఎక్కువమంది దగ్గర ఉన్నది టెన్నిస్, బ్యాడ్మింటన్, బౌలింగ్ లాంటివి ఉన్న స్విచ్ స్పోర్ట్స్ ఆట కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని రాస్తున్నాను. వీ (నింటెండో పాత కన్సోల్), కినెక్ట్ (ఎక్స్‌బాక్స్ కెమెరా), వీఆర్ (కళ్లకు తొడిగే హెడ్‌సెట్) వాడేవాళ్లకు తేడా ఉన్నచోట చెబుతాను. ఒక్క మనవి: వరస తప్పించకండి. అందరూ నేరుగా 6కి వెళ్లి స్మాష్ నేర్చుకుందామనుకుంటారు. 3 పూర్తి చేయకుండా 6 పనిచేయదు.

## 1. మీ కంట్రోలర్ దేన్ని పసిగడుతుందో తెలుసుకోండి

స్విచ్‌తో వచ్చే చిన్న చేతి కంట్రోలర్ పేరు జాయ్‌కాన్. అది మిమ్మల్ని చూడదు. దాని లోపల యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ అని రెండు సెన్సర్లుంటాయి. మొదటిది ఎంత జోరుగా కదిపారో, భూమి ఎటువైపుందో చెబుతుంది. రెండోది ఎటు, ఎంత వేగంగా తిప్పారో చెబుతుంది. అంతే. మీ చెయ్యి గదిలో ఏ మూల ఉందో దానికి తెలియదు. షటిల్ కోసం మీరు సోఫా దాకా పరిగెత్తినా లాభం లేదు. టెన్నిస్‌లోనూ బ్యాడ్మింటన్‌లోనూ తెర మీది బొమ్మ తనంతట తానే పరిగెడుతుంది, మీ పని కొట్టడమే.

వీ రిమోట్ సంగతి కొంచెం వేరు. గురిపెట్టడానికి దాని ముందు భాగంలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. టీవీ మీద పెట్టే బార్ ఏమీ పట్టుకోదు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇస్తుందంతే. అందుకే టీవీ పక్కన దీపం వెలుగుతున్నా, కిటికీ ఎండ నేరుగా పడుతున్నా తెర మీది బాణం పిచ్చెక్కినట్టు గెంతుతుంది. దేవుడి అర టీవీ పక్కనే ఉన్న ఇళ్లలో సంధ్యాదీపం పెట్టాక మెనూలో గురి ఎందుకు చెడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కినెక్ట్ అయితే పూర్తిగా కెమెరానే. ఒక్కరికి దాదాపు 6 అడుగులు, ఇద్దరికి 8 అడుగుల దూరం కావాలి. వీఆర్ హెడ్‌సెట్లలో ఎక్కువ వాటికి కెమెరాలు హెడ్‌సెట్ మీదే ఉంటాయి, అవే మీ చేతుల్ని వెతుక్కుంటాయి.

పాత వీ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. మా బావ అమెరికా నుంచి తెచ్చిన వీని నేను ఉత్సాహంగా ప్లగ్ పిన్ మార్చి గోడకు పెట్టాను. చిన్న "టప్" శబ్దం, కాలిన వాసన, ఆ సాయంత్రానికి ఆట సమాప్తం. అక్కడి వీ అడాప్టర్ 120 వోల్టులకే, మన దగ్గర 230. పిన్ మారిస్తే వోల్టేజీ మారదు. స్విచ్ అడాప్టర్‌కి ఈ బాధ లేదు, అది 100 నుంచి 240 దాకా తీసుకుంటుంది, పిన్ మార్చే చిన్న కన్వర్టర్ చాలు. ఏది కొన్నా అడాప్టర్ వెనక "ఇన్‌పుట్" అని ఉన్న లైను చదివాకే స్విచ్ వేయండి.

## 2. హాల్‌ని ఖాళీ చేయండి

మన టూ బీహెచ్‌కే హాళ్లలో సోఫా, టీపాయ్, షోకేస్, షూ ర్యాక్ పోగా మిగిలేది నడవడానికి దారి. ఆ దారిలో ఇద్దరు షటిల్ ఆడాలి.

కొలత తీసుకునే పద్ధతి ఇది. టీవీకి ఎదురుగా, ఆడబోయే చోట నిలబడండి. రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా ఒక చుట్టు తిరగండి. తర్వాత ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ తిరగండి. వేళ్లకు ఏది తగిలినా అది పక్కకు జరగాలి. రెండో చుట్టు ఎందుకంటే, ఆట వేడెక్కాక అందరూ తెలియకుండా టీవీ వైపు జరుగుతారు. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఇదే.

దానికి మందు యోగా మ్యాట్. అది లేకపోతే పాత చాప. కాళ్లు దాని మీద ఉండాలి. పాదానికి చల్లగా టైల్ తగిలిందంటే హద్దు దాటినట్టే. చూపు తెర మీంచి తిప్పక్కర్లేదు. ఇద్దరు ఆడేటప్పుడు రెండు మ్యాట్‌ల మధ్య ఇద్దరి చేతులూ చాచినంత దూరం ఉండాలి. కుడిచేతివాళ్లను కుడివైపు, ఎడమచేతివాళ్లను ఎడమవైపు నిలబెడితే ఊపే చేతులు బయటివైపు ఉంటాయి.

ఇక సీలింగ్ ఫ్యాన్. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి చెయ్యి పైకెత్తితే ఏడడుగులు దాటుతుంది. చేతిలో జాయ్‌కాన్, స్మాష్ కొడుతూ చిన్న గెంతు... మన ఫ్లాట్లలో ఫ్యాన్ రెక్క ఉండేది ఇంచుమించు ఆ ఎత్తులోనే. రెగ్యులేటర్ ఒకటికి తగ్గించడం కాదు, ఫ్యాన్ ఆపేయండి. ఏసీయో, మూలన కూలరో పెట్టుకోండి. మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాన్ లేకుండా ఎలా అంటారా? అయితే ఫ్యాన్ కింద కాకుండా పక్కకు నిలబడండి, అదీ కుదరకపోతే ఆ పూటకు బౌలింగ్ ఆడుకోండి. దానికి చెయ్యి కిందే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- టీపాయ్ హాల్లో లేదు (గోడకు జరపడం కాదు, బెడ్‌రూమ్‌లోకి)
- ఫ్యాన్ ఆగింది
- సాక్స్ విప్పారు; విట్రిఫైడ్ టైల్ మీద సాక్సుతో కాలు జారడం ఖాయం
- చిన్నపిల్లలు మీ వెనక కాదు, సోఫాలో మీకు కనపడేలా కూర్చున్నారు
- చేతి గడియారం, కంకణం, ఉంగరం తీసేశారు

## 3. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి

ఎక్కువ ఇళ్లలో అసలు జబ్బు ఇదే. ఇప్పటి టీవీలు సినిమా బాగా కనపడాలని ప్రతి బొమ్మనూ కాస్త మెరుగుపెట్టి చూపిస్తాయి. ఆ మెరుగుకి క్షణంలో కొంత భాగం పడుతుంది. సీరియల్ చూసేటప్పుడు అది తెలియదు. టెన్నిస్‌లో మాత్రం కొంప ముంచుతుంది.

ఎందుకంటే టెన్నిస్‌లో బంతి ఎటు పోవాలో చాలావరకు నిర్ణయించేది మీరు కొట్టిన సమయం. కుడిచేతి వాటం మనిషి ఫోర్‌హ్యాండ్ తొందరపడి కొడితే బంతి ఎడమకి, ఆలస్యంగా కొడితే కుడికి పోతుంది. టీవీ మీకు బంతిని ఆలస్యంగా చూపిస్తే మీరు ఆలస్యంగానే కొడతారు. మీ లెక్కలో సరిగ్గానే కొట్టారు, బంతి మాత్రం బయట పడింది. అప్పుడు కంట్రోలర్‌ని తిడతాం.

1. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌కి వెళ్లి గేమ్ మోడ్ ఎంచుకోండి. కన్సోల్ పెట్టిన హెచ్‌డీఎంఐలో ఉండగానే మార్చండి, చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో పోర్టుకి విడిగా ఉంటుంది.
2. గేమ్ మోడ్ లేని పాత టీవీ అయితే మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ లాంటివన్నీ ఆపేయండి.
3. శబ్దం బ్లూటూత్ స్పీకర్‌కి పోతుంటే టీవీ స్పీకర్‌కి మార్చండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యమవుతుంది, చెవిని నమ్మి కొట్టేవాళ్లు దెబ్బతింటారు.

పరీక్ష: మెనూలో బటన్ టకటకా నొక్కుతూ తెర మీద ఎంపిక కదలడం చూడండి. వేలుతో పాటే కదలాలి. వేలు వెనక ఈడ్చుకుంటూ వస్తుంటే ఇంకా ఏదో ఆన్‌లో ఉంది.

ఇక చేపల తొట్టి. జాయ్‌కాన్ బ్లూటూత్‌తో మాట్లాడుతుంది. ఆ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని నీళ్లు మింగేస్తాయి. మూడో అంతస్తు వాళ్లింట్లో డాక్ (కన్సోల్‌ని టీవీకి కలిపే స్టాండు) టీవీ వెనక, దాని ముందు రెండడుగుల అక్వేరియం. కుడివైపు ఆడేవాళ్లకు బాగానే ఉంది, ఎడమవైపు వాళ్లకు మూడు దెబ్బల్లో ఒకటి పోతోంది. డాక్‌ని తీసి టీవీ ముందు బల్ల మీద పెట్టాం, అయిపోయింది. ఇనప అరలో, వైర్ల గుట్టలో, వైఫై రౌటర్ పక్కన కూడా పెట్టొద్దు. మూడు నాలుగు అడుగుల ఎడం ఉంటే మంచిది.

## 4. పట్టీ తగిలించండి, అదీ సరైన వైపు

జాయ్‌కాన్ పట్టీ మీద ఒక గుర్తుంటుంది: ప్లస్ లేదా మైనస్. జాయ్‌కాన్ మీద కూడా అదే బటన్ ఉంటుంది. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. తిరగేసి తోస్తే లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాదు. మా మేనల్లుడు అలా తోసి, అరగంట లాగి, చివరికి "మామయ్యా, ఇది ఇలాగే ఉండాలేమో" అన్నాడు. అలా ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్ పెట్టకండి. కింది లాక్ తెరిచి ఉందో లేదో చూసి, పట్టీ ముక్కని తిన్నగా, గట్టిగా, వచ్చిన దారినే వెనక్కి తోయండి.

తొడిగాక కింది లాక్ మూయండి. తాడు మణికట్టుకి వేసి బిగించండి, ఒక వేలు దూరేంత సందు చాలు. జాయ్‌కాన్ బరువు దాదాపు 50 గ్రాములే కాబట్టి పట్టీ అక్కర్లేదనుకుంటారు. చెమట చేతిలోంచి జారిన 50 గ్రాములు టీవీ ప్యానెల్‌కి చాలా ఎక్కువ.

స్విచ్ 2 కొన్నవాళ్లూ, దాని జాయ్‌కాన్ అయస్కాంతంతో అతుక్కునే రకం, పాత పట్టీలు దానికి పట్టవు. సెకండ్ హ్యాండ్‌లో, సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట కొంటుంటే పెట్టెలో పట్టీలు ఉన్నాయా అని అక్కడే చూసుకోండి. సాధారణంగా ముందు పోయేవి అవే.

## 5. కాలిబ్రేషన్

అంటే జాయ్‌కాన్ సెన్సర్లను మళ్లీ సరిచేయడం. పేరు పెద్దది, పని రెండు నిమిషాలది. స్విచ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్లకు సంబంధించిన మెనూలో మోషన్ కంట్రోల్స్ కాలిబ్రేట్ చేసే ఎంపిక ఉంటుంది.

1. పట్టీ తీసేయండి. పట్టీ ఉంటే జాయ్‌కాన్ బల్ల మీద సమంగా కూర్చోదు.
2. గట్టి, సమమైన చోటు చూడండి. డైనింగ్ టేబుల్ గానీ వంటింటి గ్రానైట్ గట్టు గానీ బాగుంటుంది. సోఫా, పరుపు వద్దు. మిక్సీ తిరుగుతుంటే గట్టు కూడా వద్దు.
3. తెర మీద చెప్పినట్టు ప్లస్ లేదా మైనస్ నొక్కి పట్టుకోండి. అయ్యేదాకా బల్ల కదలకూడదు.
4. రెండో జాయ్‌కాన్‌కి విడిగా మళ్లీ చేయండి. అయ్యాక పట్టీలు మళ్లీ తొడగండి.

ఇంత చేసినా ఆట మధ్యలో గురి మెల్లగా పక్కకు జరుగుతుంది. కంట్రోలర్ పాడైందని కాదు. పైకీ కిందికీ వాలడాన్ని సరిచూసుకోవడానికి దానికి భూమి ఆకర్షణ ఆధారంగా ఉంటుంది. కుడి ఎడమలకు తిరిగినదాన్ని సరిచూసుకోవడానికి అలాంటి ఆధారం లేదు, కాబట్టి చిన్న చిన్న తప్పులు పోగుపడతాయి. అందుకే ఆట మధ్యలో గురిని మళ్లీ మధ్యకు తెచ్చుకునే వీలు ఇస్తారు. సెట్‌కి సెట్‌కి మధ్య జాయ్‌కాన్‌ని తిన్నగా టీవీ వైపు పెట్టి, క్షణం కదపకుండా ఆగి, మధ్యకు తెచ్చుకోండి.

జాయ్‌కాన్ మీద బొటనవేలితో తిప్పే చిన్న కర్రని ముట్టుకోకపోయినా తెర మీది ఎంపిక తానంతట తానే పక్కకు పోవడం వేరే జబ్బు. దాన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు, మోషన్ కాలిబ్రేషన్‌తో పోదు. రెండూ కలిపి కంగారు పడకండి.

## 6. ఊపడం నేర్చుకోండి

ఇక్కడే నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనలో చాలామందికి షటిల్ కొత్త కాదు. సెల్లార్‌లో రెండు కార్ల మధ్య తాడు కట్టి ఆడినవాళ్లమే. పుల్లెల గోపీచంద్ అకాడమీ ఉన్న ఊరు, సింధు, సైనా ఎదిగిన ఊరు, ఆ మాత్రం పొగరు ఉంటుంది. ఆ పొగరుతోనే జాయ్‌కాన్ పట్టుకుని భుజం తిప్పి బాదేస్తాం.

రాకెట్‌కి పొడవుంది, గాలి తగులుతుంది, షటిల్ తగిలినప్పుడు చేతికి తెలుస్తుంది. జాయ్‌కాన్‌తో ఇవేవీ లేవు. బలమంతా పోయి ఆగేది మోచేతి కీలు దగ్గర. అరగంటకే మోచెయ్యి లాగుతోందంటే కారణం ఇది. పైగా ఒక హద్దు దాటిన వేగాన్ని ఆట ఎక్కువగా లెక్కలోకి తీసుకోదు కాబట్టి అదనపు బలమంతా వృథా.

ఇలా చేయండి:

1. పట్టు: గుడ్డు పట్టుకున్నంత. పిడికిలి బిగిస్తే మణికట్టు తిరగదు.
2. మోచెయ్యి నడుము దగ్గర, కాస్త ముందుకు. అది దాదాపు అక్కడే ఉండాలి.
3. చెయ్యి వెనక్కి తీసుకోవడం మెల్లగా. ఇది అన్నిటికంటే ముఖ్యం.
4. ఒక్క క్షణం ఆగండి.
5. మణికట్టుతో ఒక్క విసురు, ఛాతీ ఎత్తులో ఆపండి.
6. తిరిగి మొదటి చోటికి రావడం కూడా మెల్లగానే.

మూడోది, ఆరోది ఎందుకు మెల్లగా? సెన్సర్‌కి మీ మనసులో ఏముందో తెలియదు. చెయ్యి వేగంగా వెనక్కి లాగితే అది కూడా కొట్టడమే అనుకుంటుంది. తెర మీది బొమ్మ షటిల్ రాకముందే ఊపేస్తుంది, అసలు దెబ్బకి ఖాళీ ఉండదు. "రెండుసార్లు కొడుతోంది", "కొట్టకపోయినా కొడుతోంది" అనేవాళ్లందరి తప్పూ ఇదే.

దీనికి నేను ఇచ్చే హోంవర్క్: టీవీ ఆపేసి, చంకలో మడిచిన న్యూస్‌పేపర్ పెట్టుకుని ఇరవైసార్లు ఊపండి. పేపర్ కింద పడిందంటే భుజం వాడుతున్నారు. మా ఎదురింటి ఆంటీ ఈ ఒక్కదానితో రెండు రోజుల్లో తన కొడుకుని ఓడించింది. ఆవిడ ఎప్పుడూ రాకెట్ పట్టలేదు, అందుకే మార్చుకోవాల్సిన అలవాటూ లేదు.

షటిల్‌ని నెట్ దగ్గరే పడేసే డ్రాప్ షాట్‌కి కుడి జాయ్‌కాన్ మీది జెడ్‌ఆర్ బటన్ నొక్కి పట్టుకుని ఊపాలి. అవతలివాళ్లు వెనక ఉన్నప్పుడే వాడండి. స్మాష్ ప్రతి షటిల్‌కీ కాదు. అవతలివాళ్లు తడబడి ఎత్తుగా లేపినదానికే.

## 7. మిగిలిన ఆటలు, క్లుప్తంగా

బౌలింగ్. కొత్తవాళ్లను ఇక్కడ మొదలుపెట్టించండి, టైమింగ్ గొడవ లేదు. బంతి వంకర పోతుంటే ఊపు చివర మణికట్టు తిరుగుతోంది. అరచెయ్యి టీవీ వైపే ఉండేలా ఆపండి. వీలో అయితే బీ బటన్ వదిలే సమయం కూడా చూడాలి. వెనక్కి ఊపేటప్పుడే వదిలితే బంతి వెనకున్న జనం మీదికి పోతుంది. పిల్లలు కావాలని చేస్తారు.

చంబారా. కత్తియుద్ధం. అవతలివాడు కత్తి నిలువుగా అడ్డం పెడితే మీరూ నిలువుగా కొట్టాలి. అడ్డంగా కొడితే వాడి కత్తికి తగిలి మీరే తూలుతారు. పిచ్చిగా ఊపేవాడు ఓడే ఆట ఇది.

ఫుట్‌బాల్. జాయ్‌కాన్‌ని తొడకి కట్టే పట్టీ, ఆటను పెట్టెలో కొన్నవాళ్లకు దానితోపాటే వస్తుంది. కాలు కొంచెం ఆడిస్తే చాలు, ఉత్తకాళ్లతో ఆడండి.

గోల్ఫ్. 2022 నవంబర్‌లో అప్‌డేట్‌గా వచ్చింది. కనపడకపోతే ఆటను అప్‌డేట్ చేయండి. బలం మీటర్ నిండిపోతే బంతి వంకర తిరుగుతుంది, ముప్పాతికతో ఆపండి.

వీఆర్ క్రికెట్. మన హైదరాబాద్‌లోనే తయారైన ఐబీ క్రికెట్ లాంటివి. బ్యాట్‌ని మరీ వెనక్కి, వీపు చాటుకి ఎత్తితే హెడ్‌సెట్ కెమెరాలకు చెయ్యి కనపడదు, బ్యాట్ గాల్లో తేలిపోతుంది. బ్యాక్‌లిఫ్ట్ తగ్గించండి, గదిలో లైట్ వేసి ఆడండి. మీకు గది కనపడదు కాబట్టి మ్యాట్ తప్పనిసరి.

## 8. ఏది చెడితే ఏం చేయాలి

- అన్ని దెబ్బలూ ఆలస్యం: 3కి వెళ్లండి. గేమ్ మోడ్.
- అప్పుడప్పుడు ఒక దెబ్బ మాయం: డాక్ చోటు మార్చండి. మీ ఒళ్లు కూడా అడ్డే, జాయ్‌కాన్‌ని నడుము వెనక దాచి ఊపకండి.
- గురి మెల్లగా పక్కకు పోవడం: మధ్యకు తెచ్చుకోండి. రెండు నిమిషాల్లోనే మళ్లీ పోతుంటే కాలిబ్రేట్ చేయండి.
- కొట్టకపోయినా కొట్టడం: చెయ్యి వెనక్కి తీసుకునే వేగం తగ్గించండి.
- బొమ్మ మీ చేతికి వ్యతిరేకంగా ఊపడం: ఆటలో ఎడమచెయ్యా కుడిచెయ్యా అన్న ఎంపిక చూడండి. ఇంట్లో వాళ్లు వంతులవారీగా ఆడితే ఇది తరచూ తారుమారవుతుంది.
- జాయ్‌కాన్ అసలు స్పందించకపోవడం: పట్టీ తీసి పక్క అంచున ఉన్న చిన్న గుండ్రటి బటన్ ఒకసారి నొక్కండి, ఆరిపోతుంది. తర్వాత వేరే బటన్ నొక్కి లేపండి.
- ఒకరిది మరొకరికి పనిచేయడం: జాయ్‌కాన్లు మారిపోయాయి. పట్టీలకు రెండు రంగుల రబ్బర్ బ్యాండ్లు చుట్టండి.

## 9. ఎంతసేపు, ఎప్పుడు

కొత్తలో ఇరవై నిమిషాలు ఆడి, పది నిమిషాలు ఆపండి. పెద్దవాళ్లుంటే బౌలింగ్ చాలు, కుర్చీలో కూర్చుని కూడా ఆడొచ్చు. మా తాతయ్య అలాగే ఆడతాడు, స్ట్రైక్ పడితే మాత్రం లేచి నిలబడతాడు. భుజం, మోచెయ్యి నొప్పి మర్నాటికీ తగ్గకపోతే ఆ వారం జాయ్‌కాన్ ముట్టుకోకండి.

ఆట అయ్యాక పొడి గుడ్డతో చెమట తుడిచి, పట్టీలు తీసి, జాయ్‌కాన్లను కన్సోల్‌కి తగిలించండి. పూర్తిగా చార్జ్ కావడానికి మూడున్నర గంటలు పడుతుంది, తర్వాత దాదాపు 20 గంటలు వస్తుంది. డాక్‌ని ఇన్వర్టర్ లైనున్న పాయింట్‌కి పెట్టి టీవీని మామూలు పాయింట్‌కి పెట్టినవాళ్లను చూశాను. కరెంటు పోతే ఆట నడుస్తూనే ఉంటుంది, ఓడిపోతున్నది మాత్రం కనపడదు.

రాత్రి పది దాటాక గెంతే ఆటలు వద్దు. మ్యాట్ వేసినా కింది ఇంట్లోకి శబ్దం వెళ్తుంది. మాకు ఈ సంగతి వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. మర్నాడు కింది ఇంటి అంకుల్‌ని బౌలింగ్‌కి పిలిచాం, ఇప్పుడు పదకొండు దాకా పైనే ఉంటున్నాడు.